లెక్కింపు అయింది, ఇల్లు సర్దడం అవలేదు

2024 జూన్ 4న పొద్దున ఏడింటికి పెట్టిన టీవీని రాత్రి పదకొండు దాటాక ఆపేశాం. అప్పటికి తేలాల్సినవన్నీ తేలిపోయాయి. బీజేపీకి 240, మిత్రపక్షాలతో కలిపి 293, కాంగ్రెస్‌కు 99, మన తెలుగుదేశానికి 16. అసెంబ్లీ లెక్కింపు కూడా అదే రోజు కావడంతో వీధిలో టపాసులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. "హమ్మయ్య, అయిపోయింది. ఇంక ఐదేళ్ళు ఈ టెన్షన్ లేదు" అన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పిన మా మావయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏం అయిపోయిందిరా? లారీలోంచి సామాను దిగింది. ఇల్లు సర్దడం ఎక్కడయింది?" అన్నాడు.

పెద్దాయన చమత్కారం కదా అని నవ్వి ఊరుకున్నాను. తర్వాత మూడు వారాల పాటు ఆయన పక్కన కూర్చుని సభ ఎలా తయారవుతుందో చూశాక గానీ ఆ మాటలో బరువు తెలియలేదు. మనం ఓటేసి పంపింది 543 మంది మనుషుల్ని. ఆ మనుషులంతా కలిసి ఒక సభ కావాలంటే మధ్యలో చాలా చిన్న చిన్న పనులు జరగాలి. ఏది జరిగిందో ఏది జరగలేదో పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఎంత తక్కువంటే, రాజ్యాంగం చెప్పిన పని ఒకటి, లోక్‌సభకు డిప్యూటీ స్పీకర్‌ని ఎన్నుకోవడం, ఐదేళ్ళపాటు జరక్కపోయినా దేశంలో పెద్దగా ఎవరికీ నిద్ర చెడలేదు. నా గొడవంతా దాని గురించే.

ముందు తేదీల వరస చెప్పేస్తాను. జూన్ 5న పాత లోక్‌సభను, అంటే పదిహేడోదాన్ని, రాష్ట్రపతి రద్దు చేశారు. జూన్ 6న ఎన్నికల సంఘం వాళ్ళు గెలిచినవాళ్ళ జాబితా పట్టుకుని రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 73వ సెక్షన్ ప్రకారం, ఆ పేర్లతో నోటిఫికేషన్ వచ్చాకే కొత్త సభ ఏర్పడినట్టు లెక్క. జూన్ 9న ప్రధాని, మంత్రులు ప్రమాణం చేశారు. సభ మొదటిసారి కూర్చుంది మాత్రం జూన్ 24న.

ఇందులో చాలామందికి తెలియని చిన్న సంగతి ఒకటుంది. లోక్‌సభకు ఐదేళ్ళు అంటాం కదా, ఆ ఐదేళ్ళు ఫలితాలు వచ్చిన రోజు నుంచి కాదు, ప్రధాని ప్రమాణం చేసిన రోజు నుంచి కూడా కాదు. 83వ అధికరణం ప్రకారం సభ మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి. అంటే మధ్యలో రద్దు కాకపోతే పద్దెనిమిదో లోక్‌సభ గడువు 2029 జూన్ 23 దాకా. మావయ్య ఆ రోజే క్యాలెండర్ వెనక అట్ట మీద పెన్సిల్‌తో ఈ తేదీ రాసి పెట్టుకున్నాడు.

రాజ్యాంగం రాసినవాళ్ళ జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది. సభ రద్దయిపోతే స్పీకర్ ఏమవుతాడు? మామూలుగా ఆలోచిస్తే సభ లేనప్పుడు స్పీకరూ లేడు. కానీ వాళ్ళు అలా వదల్లేదు. సభ రద్దయినా, కొత్త సభ మొదటిసారి కూర్చునే ముందు క్షణం దాకా పాత స్పీకరే కొనసాగుతాడని 94వ అధికరణంలో రాశారు. ఆ క్షణం నుంచి కొత్త స్పీకర్ వచ్చేదాకా? రాష్ట్రపతి ఒక సభ్యుణ్ణి నియమిస్తారు. మనం ప్రొటెం స్పీకర్ అనేది ఆయన్నే. కుర్చీ ఖాళీగా ఉండకూడదన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది. ఈ పట్టుదలని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈసారి గొడవ ఆ ప్రొటెం స్పీకర్ దగ్గరే మొదలైంది. కటక్ నుంచి ఏడుసార్లు గెలిచిన భర్తృహరి మహతాబ్‌ని పెట్టారు. కేరళకు చెందిన కొడికున్నిల్ సురేశ్ ఎనిమిదిసార్లు గెలిచారు కదా, ఆయన్ని ఎందుకు పెట్టలేదని ప్రతిపక్షం అడిగింది. ఆయన మధ్యలో రెండుసార్లు ఓడిపోయారు, మహతాబ్ మాత్రం వరసగా గెలిచారు అని అవతలివాళ్ళ జవాబు. నన్నడిగితే ఏడు కంటే ఎనిమిది పెద్దది, అందులో వాదన అక్కర్లేదు. కానీ ఇది రెండు రోజుల ముచ్చట. ఆ రెండు రోజుల కుర్చీ కోసం టీవీల్లో గంటలు గంటలు కొట్టుకున్నారు. ఐదేళ్ళు ఉండాల్సిన ఇంకో కుర్చీ గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని చూశాను. ఆ చర్చల్లో పది నిమిషాలు కూడా రాలేదు.

ప్రమాణస్వీకారాలు మాత్రం రెండు రోజులూ కదలకుండా చూశాను. బోరు అంటారు చాలామంది. నాకు బోరు కొట్టలేదు. దేశం ఎన్ని భాషల్లో ఉందో, ఎన్ని రకాల తలపాగాల్లో, పంచెల్లో, చీరల్లో ఉందో ఒకే చోట కనిపించేది అక్కడే. "దైవసాక్షిగా" అనేవాళ్ళు, "మనస్సాక్షిగా" అనేవాళ్ళు, చేతిలో రాజ్యాంగం పట్టుకుని వచ్చేవాళ్ళు. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా రోజుకు 500 రూపాయల జరిమానా అని 104వ అధికరణంలో ఉంది. 1950 నుంచీ అదే 500. (ధరలు పెరగని చోటు దేశంలో ఇదొక్కటే కావచ్చు.) జరిమానా చిన్నదే గానీ గెలవడం వేరు, సభ్యుడు కావడం వేరన్న మాట అందులో స్పష్టంగా ఉంది. జైలు నుంచే గెలిచిన అమృత్‌పాల్ సింగ్, ఇంజనీర్ రషీద్ జూలై 5 దాకా ప్రమాణం చేయలేకపోయారు. జూన్ 4నే గెలిచినా, సభ స్పీకర్‌ని ఎన్నుకున్న రోజు వాళ్ళిద్దరి గొంతూ అందులో లేదు.

ప్రమాణం చివర నినాదాలు కూడా గుర్తుండే ఉంటాయి. ఒవైసీ "జై పాలస్తీనా" అన్నారు, బరేలీ సభ్యుడు "జై హిందూ రాష్ట్ర" అన్నారు, ఇంకా ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. దాంతో ప్రమాణానికి ముందూ వెనకా ఏ మాటా చేర్చకూడదని తర్వాత స్పీకర్ ఆదేశాల్లో మార్పు తెచ్చారు. మంచిదే. ఒక నినాదం వల్ల ఇబ్బంది వస్తే కొద్ది రోజుల్లో నిబంధన మారిపోయింది. మనసుపెడితే పని ఎంత త్వరగా అవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జూన్ 26న స్పీకర్ ఎన్నిక. ఒకవైపు ఓం బిర్లా, ఇంకోవైపు అదే కొడికున్నిల్ సురేశ్. మూజువాణి ఓటుతో బిర్లా గెలిచారు, డివిజన్ కావాలని, అంటే ఓట్లు లెక్కపెట్టాలని, ప్రతిపక్షం పట్టుబట్టలేదు. మోదీ, రాహుల్ గాంధీ ఇద్దరూ ఆయన్ని కుర్చీ దాకా తీసుకెళ్ళారు. స్పీకర్ పదవికి పోటీ పెట్టడమే తప్పన్నట్టు ఆ రోజు కొందరు మాట్లాడారు. అలాంటివాళ్ళకు 1967 గుర్తుచేయాలనిపించింది. అప్పుడు పోటీపడిన ఇద్దరూ మనవాళ్ళే. ఒకరు నీలం సంజీవరెడ్డి, రెండోవారు విశాఖ నుంచి గెలిచిన తెన్నేటి విశ్వనాథం. ఓట్లు లెక్కపెట్టారు. సంజీవరెడ్డికి 278, తెన్నేటికి 207. గెలిచాక సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేసేశారు. పోటీపడి గెలిచిన మనిషి, గెలిచిన వెంటనే పార్టీని వదిలేశాడు. పోటీ వల్ల ఆ కుర్చీకి పోయిన గౌరవం ఏమీ లేదు.

బిర్లా కుర్చీలో కూర్చోగానే నేను రిమోట్ అందుకున్నాను. "ఉండరా, రెండో ఆయన రావాలిగా" అన్నాడు మావయ్య.

93వ అధికరణం ఏకవాక్యం లాంటిది. లోక్‌సభ "వీలైనంత త్వరగా" ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకోవాలి, ఒకరు స్పీకర్, రెండోవారు డిప్యూటీ స్పీకర్. ఇద్దరికీ అదే వాక్యం, అదే "వీలైనంత త్వరగా". కానీ సభా నియమాల దగ్గరికి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. స్పీకర్ ఎన్నిక తేదీని రాష్ట్రపతి నిర్ణయిస్తారు. డిప్యూటీ స్పీకర్ ఎన్నిక తేదీని స్పీకర్ నిర్ణయిస్తారు. ఇన్ని రోజుల్లోపు నిర్ణయించాలని ఎక్కడా లేదు. ఆ సందులోంచి ఐదేళ్ళు జారిపోయాయి. 2019లో ఏర్పడిన పదిహేడో లోక్‌సభ 2024లో రద్దయ్యేదాకా డిప్యూటీ స్పీకర్ లేకుండానే బతికేసింది. మన చరిత్రలో అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. దీని మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, 2023లో కోర్టు నోటీసు కూడా ఇచ్చింది. అయినా సభ అలాగే ముగిసింది. పద్దెనిమిదో లోక్‌సభ కూడా అదే బాట పట్టింది. ఏడాది గడిచినా ఎన్నిక లేదు. 2025 జూన్‌లో మల్లికార్జున ఖర్గే ప్రధానికి లేఖ రాశారు.

అదే జూన్ 4న ఓట్లు లెక్కించిన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ నవంబరు కల్లా రఘురామకృష్ణరాజును ఉపసభాపతిగా ఎన్నుకుంది. అంటే అది చేయలేనంత కష్టమైన పనేమీ కాదు.

"లేకపోతే ఏమైంది? సభ నడుస్తూనే ఉందిగా" అని నా స్నేహితులు అంటారు. నిజమే, నడుస్తోంది. స్పీకర్ లేని సమయంలో కూర్చోవడానికి ప్యానెల్ ఉంది, పదిమంది దాకా ఉండొచ్చు. కానీ ఆ పదిమందినీ ఎంపిక చేసేది స్పీకరే. డిప్యూటీ స్పీకర్‌ని ఎన్నుకునేది సభ. ఆయన స్పీకర్ కింద పనిచేసే ఉద్యోగి కాడు, ఆయన్ని తీసేయాలన్నా సభే తీర్మానం చేయాలి. ఇంట్లో పెద్దాయన ఊరెళ్తూ "నేను వచ్చేదాకా నువ్వు చూసుకో" అని ఒకరికి తాళాలివ్వడం వేరు, ఇంట్లో వాళ్ళంతా కలిసి రెండో పెద్దని ముందే ఒప్పుకోవడం వేరు.

పైగా ఆ రెండో మనిషి ఎందుకు కావాలో చరిత్ర రెండుసార్లు చూపించింది. రెండుసార్లూ ఆ కథలో తెలుగు నేల ఉంది. 1956 ఫిబ్రవరిలో మొదటి స్పీకర్ మవలంకర్ పదవిలో ఉండగానే చనిపోయారు. అప్పుడు డిప్యూటీ స్పీకర్ మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, స్వతంత్ర భారత లోక్‌సభకు మొట్టమొదటి ఉపసభాపతి ఆయనే. సభ తడబడలేదు. మార్చి కల్లా ఆయనే స్పీకరయ్యారు. అంతకు ఏడాది పైచిలుకు ముందు, 1954 డిసెంబరులో మవలంకర్‌ని తొలగించాలన్న తీర్మానం సభకు వచ్చినప్పుడు కూడా కుర్చీలో కూర్చుని నడిపించింది ఆయనే. తన మీద తీర్మానం చర్చకు వచ్చినప్పుడు స్పీకర్ సభకు అధ్యక్షత వహించకూడదు కదా మరి.

రెండోది మనందరికీ గుర్తున్నదే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి జీఎంసీ బాలయోగి చనిపోయారు. మా ఇంట్లో ఆ రోజు అన్నం వండలేదు. అమలాపురం నుంచి వెళ్ళిన దళిత బిడ్డ లోక్‌సభ స్పీకర్ కావడం అదే మొదటిసారి. 1998లో తెలుగుదేశానికి ఉన్నది పన్నెండు సీట్లే. వాటితో మంత్రి పదవులు కాకుండా ఆ కుర్చీ తెచ్చుకున్నారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు కుర్చీలో ఉన్నది ఆయనే. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఎంపీగా ఓటు వేయొచ్చా అన్న ప్రశ్నను ఆయన విజ్ఞతకే వదిలేశారు బాలయోగి. దాని మీద ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. నేను మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఒక్క నిర్ణయం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదంటాను. అలాంటి కుర్చీ 2002 మార్చిలో హఠాత్తుగా ఖాళీ అయితే, మే నెలలో మనోహర్ జోషి వచ్చేదాకా డిప్యూటీ స్పీకర్ పీఎం సయీద్ సభను నడిపారు. సయీద్ కాంగ్రెస్ మనిషి, ప్రతిపక్షం. ఆకాశం విరిగి మీద పడలేదు.

ఇప్పుడు అలాంటిదేదైనా జరిగితే రాష్ట్రపతి ఎవరినో ఒకరిని నియమిస్తారు, దానికి దారి ఉంది. కానీ మావయ్య ఇంకో చిక్కు ప్రశ్న వేశాడు. స్పీకర్ రాజీనామా చేయాలనుకుంటే ఆ కాగితం ఎవరికి ఇవ్వాలి? 94వ అధికరణం చెప్పే జవాబు ఒక్కటే, డిప్యూటీ స్పీకర్‌కి. డిప్యూటీ స్పీకర్ రాజీనామా స్పీకర్‌కి. ఒకరికొకరు జవాబుదారీగా ఉండేలా ముడివేశారు. ఒక కొస వదిలేస్తే ముడి ఎక్కడిది?

ఇక్కడ ప్రతిపక్షం వాదనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఈ పదవి తమకే ఇవ్వాలని అడుగుతూ వచ్చారు. ప్రతిపక్షానికి ఇవ్వడం మంచి ఆనవాయితీయే, చాలా ఏళ్ళు నడిచింది కూడా. కానీ రాజ్యాంగంలో ఆ షరతు లేదు. అయ్యంగార్ ఉపసభాపతి అయినప్పుడు ఆయన అధికార పార్టీ మనిషే. కాబట్టి నా కోరిక ఇంకా చిన్నది. ప్రతిపక్షానికి ఇవ్వకండి, మీ మిత్రపక్షానికి ఇచ్చుకోండి, మీ సొంత పార్టీకే ఇచ్చుకోండి, కానీ ఎన్నిక పెట్టండి. ఎవరికి అన్న తగాదాలో పడి అసలు పెట్టారా లేదా అన్న ప్రశ్న మరుగున పడిపోతోంది.

ప్రతిపక్ష నేత హోదా సంగతి పెద్దగా సాగదీయను. 2014లో కాంగ్రెస్‌కు 44, 2019లో 52 రావడంతో పదేళ్ళు ఆ కుర్చీ ఖాళీ. పదో వంతు, అంటే 55 సీట్లు ఉండాలన్నది ప్రతిపక్ష నేతల జీతభత్యాల మీద వచ్చిన 1977 నాటి చట్టంలో లేదు, సభలో పార్టీల గుర్తింపు కోసం పెట్టుకున్న పాత ఆదేశం నుంచి వచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 సీట్లు వచ్చాక మన అసెంబ్లీలో జరిగిన వాదన కూడా దీని చుట్టూనే. 99 సీట్లతో రాహుల్ గాంధీకి అది దక్కింది కాబట్టి ఢిల్లీలో గొడవ సద్దుమణిగింది.

అసలు నష్టం కనిపించేది ఇంకోచోట. స్థాయీ సంఘాలు. శాఖలవారీగా 24 ఉంటాయి, ఒక్కోదాంట్లో 31 మంది, అందులో 21 మంది లోక్‌సభ నుంచి. బిల్లును వాక్యం వాక్యం చదివేది, అధికారుల్ని కూర్చోబెట్టి అడిగేది, శాఖల పద్దులు తిరగేసేది అక్కడే. పద్దెనిమిదో లోక్‌సభకు ఇవి ఏర్పడింది 2024 సెప్టెంబరు 26న. కానీ పూర్తి బడ్జెట్ జూలై 23నే వచ్చింది. 48 లక్షల కోట్ల పైచిలుకు ఖర్చు. సభ వాటిని ఆమోదించేలోపు ఏ సంఘమూ ఆ పద్దుల్ని చూడలేదు, చూడడానికి అప్పటికి సంఘాలే లేవు. మన చానళ్ళలో ఆ రోజంతా అమరావతికి 15 వేల కోట్లు అన్న ఒక్క మాటే నడిచింది. నేనూ అదే చూశాను, అబద్ధమెందుకు.

2019లో ఇంకా ఘోరం. అప్పుడూ సంఘాలు ఏర్పడింది సెప్టెంబరులోనే. కానీ జూన్‌లో మొదలైన తొలి సమావేశాల్లోనే సమాచార హక్కు చట్టం సవరణ, ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా చట్టం సవరణ, ట్రిపుల్ తలాక్, జాతీయ వైద్య కమిషన్, ఆగస్టు మొదటివారంలో జమ్ము కశ్మీర్ విభజన, అన్నీ అయిపోయాయి. అవి మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. నా మాట ఒక్కటే. వంటగది సామాను అట్టపెట్టెల్లో ఉండగానే ఇరవై మందికి విందు పెట్టేశారు. ఎన్నికైన సభకు మొదటి మూడు నెలల్లో ఉన్నంత ఊపు మళ్ళీ ఉండదు. ఆ మూడు నెలల్లోనే దానికి కళ్ళూ చెవులూ ఉండవు. అయితే సంఘాలు ముందు పెట్టండి, లేదంటే అవి వచ్చేదాకా అత్యవసరం కాని బిల్లులు ఆపండి. తేదీలు రాసుకుంటే అయ్యే పని ఇది. నోటిఫికేషన్ వచ్చిన ముప్పై రోజుల్లో సంఘాలు, స్పీకర్ ఎన్నికయ్యాక మరో ముప్పై రోజుల్లో డిప్యూటీ స్పీకర్ అని సభా నియమాల్లో రెండు లైన్లు చేరిస్తే చాలు, రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు.

ఈ తప్పులో మన వాటా కూడా ఉంది. 2024 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం నిలబడిందే తెలుగుదేశం 16, నితీశ్ 12 ఆసరాతో. ఆ వారం మన పత్రికల్లో, ఫోన్లలో తిరిగిన ప్రశ్న "మనకెన్ని మంత్రి పదవులు?" అన్నదే. రామ్మోహన్ నాయుడికి విమానయానం, కిషన్‌రెడ్డికి బొగ్గు, మరో ముగ్గురికి సహాయ మంత్రి పదవులు అని లెక్కపెట్టుకున్నాం. మొదటి డిప్యూటీ స్పీకర్‌నీ, సంజీవరెడ్డినీ, బాలయోగినీ ఇచ్చిన ప్రాంతం అని ఉపన్యాసాలిస్తాం గానీ, ఆ పదహారు మందిలో ఒక్కరినైనా "డిప్యూటీ స్పీకర్ ఎన్నిక ఎప్పుడండీ?" అని అడిగినవాళ్ళం లేం. వాళ్ళు అడిగి ఉంటే అవతలివాళ్ళు కాదనగలిగే పరిస్థితి ఆ వారంలో లేదు. గెలిచాక మా ఎంపీ ఊరేగింపుగా మా వీధికి వచ్చినప్పుడు నేనూ దండం పెట్టి పక్కకు తప్పుకున్నవాణ్ణే.

మావయ్య ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఉంటున్నాడు. పార్లమెంటు సమావేశాలు మొదలైన ప్రతిసారీ ఆయన దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. కుశల ప్రశ్నలేమీ ఉండవు, "ఏరా, పెట్టారా?" అంటాడు. 2025 వర్షాకాల సమావేశాలప్పుడూ అలాగే చేశాడు. లేదన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు, క్యాలెండర్ అట్ట వెతుక్కుంటున్నాడనుకుంటా.

"ఇరవై తొమ్మిది జూన్ ఇరవై మూడు కదూ గడువు? అప్పటికి నాకు ఎనభై మూడు నిండుతాయి. ఈలోపు పెడతారంటావా?"

"ఏమో మావయ్యా."

"సర్లే, నెలాఖరుకి మీ అత్త అక్కడికే వస్తానంటోంది, బస్టాండుకి వచ్చి తీసుకెళ్ళు" అని పెట్టేశాడు.